కంప్రెషన్ 10 అంటే ఏ 10? షెవీ 350కి హెడ్ ఎంచుకోవడంలో అసలు లెక్క

క్లుప్తంగా: కంప్రెషన్ రేషియో, అంటే సిలిండర్‌లోకి వచ్చిన మిశ్రమాన్ని పిస్టన్ ఎన్నో వంతుకు నలుపుతుందన్న లెక్క, సిలిండర్ హెడ్‌తో (సిలిండర్ల మీద కూర్చునే పైమూతతో) పాటు డబ్బాలో వచ్చే అంకె కాదు. హెడ్‌లోని చాంబర్ (మిశ్రమం కాలే గుంట), పిస్టన్ తల, హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ప్యాకింగ్ మందం, బ్లాక్ ఎత్తు కలిస్తే తేలే ఫలితం. దాన్ని ఎంతవరకు పెంచవచ్చో చెప్పేవి వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్, దొరికే పెట్రోల్. పవర్‌లో పెద్ద వాటా హెడ్ పోర్టుల్లోంచి (గాలి దారుల్లోంచి) వెళ్లే గాలిది, కంప్రెషన్ వాటా చిన్నది. అంకెకు ఆశపడి హెడ్ కొంటే ఎక్కువసార్లు తప్పు హెడ్డే ఇంటికొస్తుంది.

గందరగోళం ఎక్కడుంది

1970లో షెవర్లే కార్వెట్‌కు ఎల్‌టీ-1 అనే 350 క్యూబిక్ ఇంచుల వీ8 వచ్చింది. కంప్రెషన్ 11:1, కంపెనీ చెప్పిన పవర్ 370 హార్స్‌పవర్. ఏడాది తిరిగేసరికి అదే ఇంజిన్ 9:1కి, 330 హార్స్‌పవర్‌కి దిగింది. సీసం లేని, ఆక్టేన్ (తనంతట తాను అంటుకోకుండా తట్టుకునే గుణం) తక్కువున్న పెట్రోల్ మీద కూడా నడవాలని జనరల్ మోటార్స్ 1971 మోడళ్లకు కంప్రెషన్ తగ్గించేసింది. 1972లో కాగితం మీద అది 255 అయింది, కానీ ఆ పతనం చాలావరకు కొలత మారడం వల్ల వచ్చిందే. అంతకుముందు ఇంజిన్‌ను సైలెన్సర్, ఫ్యాన్ లాంటి బరువులేవీ లేకుండా బెంచ్ మీద పెట్టి కొలిచేవారు, తర్వాత కారులో ఉన్నట్టే అన్నీ తగిలించి కొలవడం మొదలుపెట్టారు.

ఇక ఇప్పటి సంగతి చూస్తే, మాజ్డా స్కైయాక్టివ్ ఇంజిన్ 13:1తో అమెరికాలో మామూలు రెగ్యులర్ పెట్రోల్ మీదే నడుస్తోంది. ఆఫీసుకీ బడికీ తిరిగే ఫ్యామిలీ కారు 13:1 మోస్తుంటే, పాత షెవీ 350 కట్టించుకునేవాళ్లకు మాత్రం "10 దగ్గర ఆగు" అని చెప్పడంలో అర్థమేంటి?

ప్రశ్న న్యాయమైనదే. కొత్త ఇంజిన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది, అది ఆవిరయ్యేటప్పుడు లోపలి గాలిని చల్లబరుస్తుంది. నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి అంటుకున్నప్పుడు వచ్చే టకటక) వినబడగానే సెన్సర్ స్పార్క్ టైమింగ్‌ను వెనక్కి లాగుతుంది. వాల్వులు ఎప్పుడు మూసుకోవాలో కంప్యూటర్ క్షణక్షణం మారుస్తుంది. కార్బ్యురేటర్, డిస్ట్రిబ్యూటర్‌తో బతికే పాత ఇంజిన్‌కు ఈ కాపలాదారులెవరూ లేరు. కట్టేరోజున ఏ అంకె పెడితే అదే, ఎండలోనూ ఘాట్ రోడ్డులోనూ దాంతోనే నెట్టుకురావాలి.

ఇక్కడ ఉదాహరణకు షెవీ 350నే తీసుకోవడానికి కారణం, 1955లో మొదలైన ఆ స్మాల్‌బ్లాక్ కుటుంబానికి దొరికినన్ని హెడ్లు ఇంకే ఇంజిన్‌కూ దొరకవు. కొలతలన్నీ బహిరంగమే కాబట్టి లెక్క ఎవరైనా వేసి చూసుకోవచ్చు.

ఆ అంకె ఎలా పుడుతుంది

పాత 350 బ్లాక్ అరిగిపోయి ఉంటుంది కనుక బోరు (సిలిండర్ వెడల్పు) 30 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు 30, పెంచడం మామూలు. అప్పుడు బోరు 4.030 అంగుళాలు, స్ట్రోక్ (పిస్టన్ తిరిగే దూరం) 3.48, ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ ఊడ్చే జాగా సుమారు 727 సీసీ. పిస్టన్ పైకి వచ్చి ఆగిన క్షణంలో మిగిలే జాగా ఎంతన్నదే అసలు ప్రశ్న. ఈ మిగులు తిలాపాపం తలా పిడికెడు లాంటిది. హెడ్‌లోని చాంబర్ 64 సీసీ అనుకుందాం. ఫ్లాట్‌టాప్ పిస్టన్ మీద వాల్వుల కోసం చెక్కిన గుంటలు సుమారు 6 సీసీ. 0.041 అంగుళాల మందమున్న మామూలు కాంపోజిట్ ప్యాకింగ్ మరో 9 సీసీ. కంపెనీ బ్లాక్‌లో పిస్టన్ పూర్తిగా పైఅంచు దాకా రాదు, 0.025 అంగుళాలు, అంటే 0.6 మి.మీ. పైచిలుకు, కిందే ఆగిపోతుంది. ఆ సందు 5 సీసీ.

మొత్తం 84 సీసీ చిల్లర. 727కి ఈ 84 కలిపి, మళ్లీ 84తో భాగిస్తే 9.6:1. హెడ్ అమ్మేవాళ్లు "64 సీసీ, 10:1 వస్తుంది" అని చెప్పినప్పుడు వాళ్లు ఏ పిస్టన్, ఏ ప్యాకింగ్ ఊహించుకున్నారో అడగాలి.

అదే బ్లాక్ మీద డెబ్బైల నాటి 76 సీసీ హెడ్ పెడితే 8.6కి పడిపోతుంది. 58 సీసీ చాంబర్ పెడితే 10.3కి ఎక్కుతుంది.

మన దగ్గర కారు వేడెక్కి హెడ్ బెండయితే మెకానిక్ దాన్ని లేత్‌కు పంపి ఫేసింగ్ చేయించుకొస్తాడు. ఆ పనితో తెలియకుండానే చాంబర్ చిన్నదై కంప్రెషన్ కొద్దిగా పెరుగుతుంది. పెర్ఫార్మెన్స్ ఇంజిన్ కట్టేవాళ్లు కావాలని చేసేదీ ఇదే పని. షెవీ హెడ్‌లో ఒక సీసీ తగ్గాలంటే సుమారు 6 థౌ లోహం తియ్యాలి. 64ను 58 చేయాలంటే ఒక మి.మీ. దాకా పోతుంది, పైగా వీ ఇంజిన్‌లో రెండు హెడ్లూ కిందికి దిగితే మధ్యలో కూర్చుని గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ బోల్టులు, పోర్టులు సరిగా కలవవు, దాన్నీ కొయ్యాలి. ముల్లు పోయి కత్తి వచ్చినట్టు.

ఒకే 10.2, రెండు వేరు ఇంజిన్లు

చాలామంది దాటేసే చోటు ఇదే, కాబట్టి కాస్త ఆగి చూడాలి.

పైన చెప్పిన బ్లాక్‌ను అలాగే ఉంచి 58 సీసీ హెడ్ పెడితే 10.3 వచ్చింది. అలా కాకుండా 64 సీసీ హెడ్ ఉంచుకుని, పిస్టన్ సరిగ్గా పైఅంచుకు వచ్చేలా బ్లాక్ పైభాగాన్నే 25 థౌ కోయిస్తే? ఆ 5 సీసీ సందు పోయి, మిగులు 79 అవుతుంది, లెక్క 10.2 వస్తుంది. కాగితం మీద రెండూ దాదాపు ఒకటే. నడిపి చూస్తే కాదు.

తేడా పిస్టన్ చదునైన భాగానికీ, హెడ్‌లో చాంబర్ పక్కనుండే చదునైన మెట్టుకూ మధ్య సందులో ఉంది. పిస్టన్ పైకి వచ్చేటప్పుడు ఈ రెండు చదునులూ దగ్గరై, మధ్యలో ఉన్న గాలి పెట్రోల్ మిశ్రమాన్ని స్పార్క్ ప్లగ్ వైపు చిమ్ముతాయి. దీన్ని స్క్విష్ అనీ క్వెంచ్ అనీ అంటారు. మిశ్రమం కలియబడి వేగంగా కాలుతుంది. ఆ మూల ఇరుకులో మిగిలిన కొద్దిపాటి మిశ్రమానికి రెండు వైపులా లోహమే కాబట్టి దాని వేడి లోహంలోకి పోతుంది. నాకింగ్ అంటే మంట చేరకముందే ఆ చివరి మిశ్రమం తనంతట తాను ఒక్కసారిగా అంటుకోవడం. దాన్ని చల్లగా ఉంచితే, లేదా దాని వంతు వచ్చేలోపే మంట వెళ్లి చేరితే, నాకింగ్ ఉండదు.

బ్లాక్ కోయించిన ఇంజిన్‌లో ఈ సందు ప్యాకింగ్ మందమే, 0.041 అంగుళాలు, అంటే 1 మి.మీ. చిన్న చాంబర్ హెడ్ పెట్టిన ఇంజిన్‌లో ప్యాకింగూ బ్లాక్ సందూ కలిసి 0.066, అంటే 1.7 మి.మీ. ఆ 0.6 మి.మీ. పైచిలుకు తేడాకే స్క్విష్ చాలావరకు నీరసపడుతుంది. కాబట్టి నాకింగ్ భయం రెండోదానికే ఎక్కువ. కొన్నిసార్లు తక్కువ కంప్రెషన్‌తో వదులు సందున్న ఇంజిన్, ఎక్కువ కంప్రెషన్‌తో బిగువు సందున్న ఇంజిన్ కంటే ముందే కొట్టుకుంటుంది. వినడానికి వింతగా ఉన్నా కారణం ఇదే.

బిల్డర్లు 0.035 నుంచి 0.045 మధ్య పెట్టుకుంటారు. అంతకన్నా బిగిస్తే ఎక్కువ ఆర్‌పీఎంలో రాడ్ సాగి పిస్టన్ హెడ్‌ను తాకే ప్రమాదముంది. బ్లాక్ కోయించే ఖర్చు వద్దనుకుంటే 0.015 అంగుళాల పల్చటి స్టీల్ ప్యాకింగ్‌తోనూ 0.040 దగ్గరకు తేవచ్చు, కానీ దానికి రెండు ముఖాలూ అద్దంలా చదునుగా ఉండాలి. అల్యూమినియం హెడ్‌కు మాత్రం అది పనికిరాదు.

క్యామ్ దొంగిలించే కంప్రెషన్

ఒక సిరంజి తీసుకుని మూతికి వేలు అడ్డం పెట్టి నొక్కితే మొత్తం గాలి నలుగుతుంది. పావు వంతు నొక్కాక వేలు పెడితే నలిగేది మిగిలిన గాలే. ఇంజిన్‌లో వేలు పనిచేసేది ఇన్‌టేక్ వాల్వ్. పిస్టన్ అడుగుకు చేరి మళ్లీ పైకి లేస్తున్నా ఆ వాల్వ్ ఇంకా తెరిచే ఉంటుంది. అది మూసుకున్నాకే అసలు కంప్రెషన్ మొదలు. దీన్నే డైనమిక్ కంప్రెషన్ అంటారు.

పై 10.2 ఇంజిన్‌తోనే లెక్క వేద్దాం. మామూలు వీధి క్యామ్‌తో ఇన్‌టేక్ వాల్వ్, పిస్టన్ అడుగు దాటిన 60 డిగ్రీలకు మూసుకుంటుందనుకుంటే, అప్పటికే పిస్టన్ 17 మి.మీ. పైకి వచ్చేసి ఉంటుంది. డైనమిక్ 8.4. పెద్ద క్యామ్ వేసి 72 డిగ్రీలకు మూసుకునేలా చేస్తే పిస్టన్ 24 మి.మీ. వచ్చేస్తుంది, డైనమిక్ 7.7కి పడుతుంది. ప్రీమియం పెట్రోల్‌తో 8 నుంచి 8.5 దాకా బండి సుఖంగా నడుస్తుందన్నది బిల్డర్ల మోటు లెక్క. ఇది సూత్రమేమీ కాదు, స్క్విష్, చాంబర్ ఆకారం బట్టి అటూ ఇటూ అవుతుంది, కానీ దారి చూపడానికి చాలు.

ఇప్పుడు అదే పెద్ద క్యామ్‌ను 76 సీసీ పాత హెడ్లున్న 8.6:1 ఇంజిన్‌లో వేస్తే? డైనమిక్ 6.5. ఐడిల్‌లో గుడగుడమని చెవులకు పండగే, సిగ్నల్ దగ్గర కాలు నొక్కితే మాత్రం కారు ఆలోచించుకుని కదులుతుంది. క్యామ్ మార్చాక పికప్ చచ్చిపోయిందని వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఉన్నది ఈ లెక్కే. క్యామ్ తప్పు కాదు, దానికి తగిన కంప్రెషన్ లేకపోవడం తప్పు. 11:1తో నడిచిన 1970 ఎల్‌టీ-1లో ఉన్నదీ పెద్ద సాలిడ్ లిఫ్టర్ క్యామే.

అసలు పవర్ ఎక్కడిది

కంప్రెషన్ మీద ఉన్న మోజుకు, అది ఇచ్చేదానికి పొంతన లేదు. పెట్రోల్ ఇంజిన్‌కు పుస్తకాల్లో వేసే ఆదర్శ లెక్క (ఓటో సైకిల్) ప్రకారం 8.5 నుంచి 9.5కి వెళ్తే సామర్థ్యం సుమారు 3 శాతం పెరుగుతుంది. 9.5 నుంచి 10.5కి 2.7 శాతం, 10.5 నుంచి 11.5కి 2.3. పైకి పోయేకొద్దీ లాభం తగ్గుతుంది, రిస్క్ పెరుగుతుంది. 350 హార్స్‌పవర్ ఇంజిన్‌కు ఒక పాయింట్ పెంచితే వచ్చేది 10 హార్స్‌పవర్ చుట్టుపక్కలే.

హెడ్ పోర్టుల సంగతి వేరు. ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌కు, ఇన్‌టేక్ పోర్టు ఫ్లో బెంచ్ (గాలి ప్రవాహం కొలిచే యంత్రం) మీద 28 అంగుళాల నీటి ఒత్తిడి దగ్గర ఎన్ని సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపు అడుగులు) గాలి వదిలితే, దానికి రెట్టింపు హార్స్‌పవర్ దాకా పైకప్పు ఉంటుందన్నది పాత లెక్క. డెబ్బైల నాటి స్టాక్ హెడ్లు 200 దగ్గర ఆగుతాయి. 1996 నుంచి పికప్ ట్రక్కులకు వచ్చిన వోర్టెక్ హెడ్ 240 దగ్గరకు వెళ్తుంది. బయటి కంపెనీల మంచి ఆఫ్టర్‌మార్కెట్ అల్యూమినియం హెడ్ 260 దాటుతుంది. 60 సీఎఫ్‌ఎం పెరిగితే కాగితం మీద 120 హార్స్‌పవర్, అందులో సగమే వచ్చినా కంప్రెషన్ ఒక పాయింట్ ఇచ్చేదానికి అయిదారు రెట్లు.

అలాగని పెద్ద పోర్టు కొనెయ్యడం కూడా తప్పే. పోర్టు పెద్దదైతే తక్కువ ఆర్‌పీఎంలో గాలి వేగం పడిపోతుంది, పెట్రోల్ సరిగా కలవదు, కింది టార్క్ పోతుంది. 350కి రోడ్డు మీద 170 నుంచి 195 సీసీ ఇన్‌టేక్ పోర్టు చక్కగా సరిపోతుంది. 210, 220 లాంటివి 6,500 ఆర్‌పీఎం దాటి తిప్పేవాళ్లకు, లేదా 383, 400 క్యూబిక్ ఇంచుల లాంటి పెద్ద ఇంజిన్లకు. క్యాటలాగ్‌లో అన్నిటికన్నా పెద్ద ఫ్లో అంకె చూసి ఆర్డర్ పెట్టేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. ఆ అంకె వాల్వ్ 0.600 అంగుళాలు తెరిచినప్పటిది (దీన్నే లిఫ్ట్ అంటారు) కావచ్చు, వాళ్ల క్యామ్ 0.480 దాటకపోవచ్చు.

వోర్టెక్ హెడ్‌కు బడ్జెట్ బిల్డర్లలో అంత పేరు రావడానికి కారణం ఈ రెండు విషయాలూ దానిలో కుదరడమే. పోర్టు 170 సీసీ, చాంబర్ 64 సీసీ, గుండె ఆకారంలో బిగువుగా ఉండి మిశ్రమాన్ని వేగంగా కాలుస్తుంది. పాత వెడల్పు చాంబర్‌కు పిస్టన్ పైకి చేరడానికి 36 నుంచి 38 డిగ్రీల ముందు స్పార్క్ ఇవ్వాల్సివస్తే, దీనికి 32 నుంచి 34 చాలు. తక్కువ టైమింగ్‌తో పని అయిపోతోందంటే నాకింగ్‌కు అంత టైమ్ లేనట్టే. తిప్పలూ ఉన్నాయి. దీనికి వేరే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కావాలి, పాతదానికి 12 బోల్టులు, దీనికి 8. స్టాక్ స్ప్రింగులు, గైడ్లతో 0.470 లిఫ్ట్ దగ్గరే రిటైనర్ (స్ప్రింగును పట్టి ఉంచే మూత) తగులుతుంది. చవకగా దొరికిందని కొని, మానిఫోల్డ్, స్ప్రింగులు, మిషన్ పని అన్నీ కలిపాక బిల్లు చూస్తే కొత్త అల్యూమినియం హెడ్ల ధరకు దగ్గరపడిన సందర్భాలు తక్కువేం కాదు.

ఇనుమా, అల్యూమినియమా

అల్యూమినియం వేడిని ఇనుము కంటే వేగంగా లాగేస్తుంది, అందుకే అర పాయింటు నుంచి ఒక పాయింటు ఎక్కువ కంప్రెషన్ తట్టుకుంటుందని చెబుతారు. అలా పెంచకపోతే వేడి వృథాగా పోయి పవర్ తగ్గుతుందన్న మాటా ఉంది, అయితే ఆ నష్టం భయపెట్టేంత కాదు. బరువు మాత్రం నిజమైన లాభం. ఇనుప హెడ్ ఒకటి 20 కిలోల దాకా ఉంటే అల్యూమినియం అందులో సగం, అదీ కారు ముందు భాగంలోంచి తగ్గుతుంది.

పెట్రోల్ బంకులో అసలు తీర్పు

అమెరికాలో బంకు మీద కనిపించే 91, 93 అంకెలు మన దగ్గరి 91, 95 కావు. ఆక్టేన్‌ను రెండు రకాల పరీక్షల్లో కొలిస్తే వచ్చేవి ఆర్‌ఓఎన్, ఎంఓఎన్; అక్కడ రాసేది ఆ రెండిటి సగటు, ఇక్కడ రాసేది ఆర్‌ఓఎన్ ఒక్కటే. అక్కడి 93 ఇక్కడి లెక్కలో సుమారు 98. అక్కడి 87 రెగ్యులర్ ఇక్కడి 91, 92కి సమానం. అమెరికన్ వీడియో చూసి "91తో 10.5 నడిచింది" అని హైదరాబాద్‌లో పాత కారుకు అదే పెట్టుకుంటే లెక్క తప్పుతుంది. అమెరికాలోనే టెక్సాస్ ప్రీమియం 93 అయితే కాలిఫోర్నియా ప్రీమియం 91. డాలస్‌లో ట్యూన్ చేసిన ఇంజిన్‌ను ఉద్యోగం మారి కాలిఫోర్నియాలోని బే ఏరియాకు తెచ్చుకున్నవాళ్లు టైమింగ్ ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి తీసుకోక తప్పకపోవచ్చు.

ఇథనాల్ ఈ లెక్కను ఇంకా మారుస్తుంది. ఆవిరయ్యేటప్పుడు అది పెట్రోల్ కంటే రెట్టింపుకు మించి వేడి లాగుతుంది, ఆక్టేన్ ఎక్కువ. అందుకే ఈ85 (85 శాతం దాకా ఇథనాల్ కలిపిన ఇంధనం) మీద 12:1 దాటి కట్టేవాళ్లున్నారు, కానీ కార్బ్యురేటర్ జెట్లు, పంపు, గొట్టాలు అన్నీ దానికి తగ్గట్టు మార్చి, మూడో వంతు ఎక్కువ ఇంధనం పోసుకుంటూ. మన దగ్గర ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు) కనీసం 95 ఆర్‌ఓఎన్ ఉండాలి. అంటే నాకింగ్ పరంగా పాత 91 కంటే కొంత వెసులుబాటు ఉన్నట్టే. అయితే 91కి కట్టిన ఇంజిన్ ఆ వెసులుబాటును దానంతట అది వాడుకోలేదు, టైమింగో కంప్రెషనో మార్చితేనే ఉపయోగం.

ఏది ముందు

వరుస తిరగేసి మొదలుపెడితే పని సులువవుతుంది. ముందు పెట్రోల్: ఇంటి పక్క బంకులో ఖాయంగా దొరికేదేమిటి. తర్వాత ఇంజిన్ ఎక్కువసేపు తిరగబోయే ఆర్‌పీఎం, దానికి తగ్గ క్యామ్. ఆ క్యామ్ ఇన్‌టేక్ వాల్వ్ ఎప్పుడు మూస్తుందో చూసి, డైనమిక్ 8 చుట్టూ వచ్చేలా స్టాటిక్ (పైన మొదట లెక్కించిన మామూలు రేషియో) ఎంత కావాలో వెనక్కి లెక్కించాలి. ఆ తర్వాతే హెడ్: పోర్టు సైజు ఆర్‌పీఎం బట్టి, చాంబర్ సైజు ఆ లెక్క బట్టి. సందు 1 మి.మీ. దగ్గర ఉండేలా బ్లాక్, ప్యాకింగ్ సర్దుకుని, ఇంకా తేడా ఉంటే పిస్టన్ తలలో గుంటతో (డిష్) దిద్దుకోవచ్చు. ప్యాకింగ్ మందం పెంచి కంప్రెషన్ తగ్గించుకోవడం మాత్రం పనికిమాలిన కిటుకు. అంకె తగ్గుతుంది, దాంతో పాటు స్క్విష్ కూడా పోతుంది.

టర్బో, సూపర్‌చార్జర్ వేసేవాళ్ల లెక్క వేరు, అక్కడ 8.5, 9.5 మధ్యే ఎక్కువ మంది ఆగుతారు.

ఇక క్యాటలాగ్ అంకెను నమ్మకుండా కొలుచుకోవడం. హెడ్‌ను తలకిందులు పెట్టి, వాల్వులు, స్పార్క్ ప్లగ్ బిగించి, చాంబర్ అంచు చుట్టూ పల్చగా గ్రీజు రాసి, చిన్న రంధ్రమున్న దళసరి ప్లాస్టిక్ పలకను దాని మీద అద్దుతారు. రంగు కలిపిన స్పిరిట్‌ను గాజు బ్యూరెట్‌లోంచి ఆ రంధ్రం గుండా వదులుతారు. హెడ్ కాస్త ఏటవాలుగా ఉంచితే గాలి బుడగ ఒక మూలకు చేరుతుంది, చివరి బుడగ బయటికి పోయినప్పుడు బ్యూరెట్ మీద గీత చూడాలి. 64 అని అమ్మిన హెడ్ 66 చూపించడం కొత్తేం కాదు. ఆ రెండు సీసీలకే పై లెక్క 9.6 నుంచి 9.4కి జారుతుంది. పిస్టన్ మీద పిల్లలు బొమ్మలు చేసే మెత్తటి మట్టి (క్లే) ముద్ద పెట్టి ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, వాల్వ్ ఎంత లోతుగా అచ్చు వేసిందో కోసి చూడటమూ అప్పుడే చెయ్యాలి. ఇన్‌టేక్ దగ్గర 2 మి.మీ., ఎగ్జాస్ట్ దగ్గర 2.5 మి.మీ. మట్టి మిగలాలి.

ఇంజిన్ స్టార్ట్ అయ్యాక చివరి మాట స్పార్క్ ప్లగ్‌ది. లోడ్ మీద గట్టిగా నడిపి, వెంటనే ఆపి, ప్లగ్ తీసి తెల్లటి పింగాణీ మీద భూతద్దం పెట్టి చూస్తారు. మిరియాల పొడి చల్లినట్టు సన్నటి నల్ల చుక్కలు, వాటి మధ్య ఒకటో రెండో వెండి మెరుపు కనిపిస్తే అది పిస్టన్ అల్యూమినియమే. చెవికి నాకింగ్ వినబడకపోయినా లోపల జరుగుతోందని అర్థం. రెండు డిగ్రీలు టైమింగ్ వెనక్కి తీసుకుని కొత్త ప్లగ్‌తో మళ్లీ చూస్తారు. చుక్కలు ఇంకా కనిపిస్తుంటే హెడ్ మళ్లీ విప్పాల్సిందే.